ఎడమచేతి ముడి

వెలిమెల,
12 అక్టోబర్ 2024

చెల్లె దేవమ్మకు అన్న సత్తయ్య దీవెనలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు, నేను అరిస్తే పక్క ఫ్లాటువాళ్ళకు వినపడుతుంది. అందుకే కాగితం పట్టాను. మీ ఊరి పాలు తెచ్చే చిన్నరాములు రోజూ పొద్దున ఆరింటికి మా గేటు దగ్గర వ్యాను ఆపుతాడు. ఇది వాడి చేతికిస్తున్నాను. జవాబు కూడా వాడికే ఇవ్వు.

ఇక్కడ నేను రాజాలాగా ఉన్నాను. ఈ మాట ముందుగా ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. భూమి బిల్డరుకు ఇచ్చేనాడు నువ్వు మా వాకిట్లో నిలబడి, "అన్నా, మన్ను ఇచ్చి మ్యాడ తీస్కుంటున్నవ్, రేపు కాలు యాడ పెడ్తవ్?" అన్నావు. పాలరాయి మీద పెడుతున్నాను చెల్లె. పద్నాలుగో అంతస్తు. మన బాయి ఉన్నచోట లిఫ్టు వచ్చింది. నేను పడుకునే గదికి సరిగ్గా కింద అమ్మ కొత్తిమీర మడి ఉండేది, నేను గుర్తులు పెట్టుకొని లెక్క కట్టాను.

తలుపుకు తాళంచెవి లేదు. బొటనవేలు పెడితే పచ్చలైటు వెలిగి తెరుచుకుంటుంది. మా నవీన్‌ది పడుతుంది, కోడలు నిషితది పడుతుంది, నాది మాత్రం పడదు. మిషను బిగించిన మనిషి నా వేలు తిప్పి తిప్పి చూసి, "తాతా, గీతలే లేవు, మొత్తం అరిగిపోయినయ్" అన్నాడు. ఎట్లాగో ఒకసారి మిషనులోకి ఎక్కించాడు గానీ, ఆ తర్వాత ఎప్పుడు పెట్టినా ఎర్రలైటే. యాభై ఏండ్లు, టవరు లేచేదాకా కౌలు మళ్ళలో కూడా, కొత్తిమీర పీకిన వేలు అరగక ఏం చేస్తుంది. అంకెలు నొక్కే దారి ఒకటుంది గానీ, నేను రెండుసార్లు తప్పు నొక్కితే సైరన్ మోగి వాచ్‌మన్ పైకి ఉరికొచ్చాడు. అప్పటినుంచి నవీన్ దాని జోలికి పోవద్దన్నాడు. లోపలినుంచి ఎవరికైనా తెరుచుకుంటుంది, బయటికి పోతే తిరిగి రావడమే కుదరదు. కాబట్టి వాళ్ళిద్దరూ ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లోనే ఉంటాను. మంచిదే, ఈ వయసులో తిరిగి చేసేదేముంది.

బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టాను. ధనియాల ప్యాకెట్ తెప్పించి చల్లితే పదిహేను రోజులైనా ఒక్క గింజ లేవలేదు. నాగలి, నీళ్ళు నావి గానీ విత్తనం పని ఎప్పుడూ మీ ఆడవాళ్ళదే కదా. నీ విత్తనం గుప్పెడు పంపి, ఎట్లా వేయాలో రాయి.

రాజాలాగా ఉన్న నీ అన్న,
సత్తయ్య

*

కంది,
22 అక్టోబర్ 2024

అన్నకు దేవమ్మ దండాలు.

ఉత్తరంలో ఇంటి మాటలు రాయకూడదని వయోజన బడి పంతులమ్మ నేర్పింది. అందుకని రాత పుస్తకంలాగా ఉంటుంది, నోరు మాత్రం పాతదే.

ప్యాకెట్ ధనియాలు చారులోకి పనికొస్తాయి, మడిలోకి కాదు. గుడ్డలో కట్టి నా విత్తనం పంపుతున్నాను. ధనియం చూడ్డానికి ఒక్కటే గానీ లోపల గింజలు రెండు. నేల మీద పరిచి పాత చెప్పుతో మెల్లగా రుద్దితే రెండు బద్దలవుతుంది. నీ బలమంతా చూపించకు, పొడి అవుతుంది. ఒక రాత్రి నానబెట్టి, వడగట్టి, ఒక పూట తడిగుడ్డలో ఉంచు. కుండీ జానెడు లోతుండాలి, దాని వేరు తిన్నగా కిందికి దిగుతుంది. గింజ మీద అర అంగుళం మట్టి చాలు. చెంబుతో పోయకు, చేత్తో చిలకరించు. పొద్దటి ఎండ తగలాలి. పది రోజులు మట్టి గోకి చూడకు, నీ తొందర నాకు తెలుసు.

మొలిచాక ఆ కుండీలోంచి ఈ కుండీలోకి మార్చకు. కొత్తిమీర పీకి ఇంకోచోట నాటితే బతకదు. నిన్ను ఉద్దేశించి అనలేదు, ఉలిక్కిపడకు.

నీ ఉత్తరం నా కొడుకు ప్రవీణ్ కూడా చదివాడు. ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. ఎందుకురా అంటే, నాకు పెదాలు కనపడేటట్టు ముఖం ముందుకొచ్చి, "మామ ఎంత మంచిగ ఉన్నడో సూడమ్మా" అన్నాడు. వాడి పాశమైలారం నౌకరీ అట్లనే ఉంది. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి దగ్గుకుంటూ వస్తాడు, అన్నం సగం తిని లేస్తాడు.

నేను పటాన్‌చెరు అంగడికి పోవడం మానేశాను. నువ్వు పక్కన లేకుంటే ఆ మూలలో కూర్చోబుద్ధి కాలేదు. ఇప్పుడు హైవే మీద ఒక కంపెనీ షెడ్డుంది, కట్టలు అక్కడే తీసుకుంటారు. ఆ తర్వాత అవి ఎటు పోతాయో నాకు తెలియదు. రబ్బరు బ్యాండ్లు ఇచ్చారు, నేను వేయను. అదే గోనె దారం, అమ్మ కొట్టినా మానని అదే ఎడమచేతి ముడి.

ఎండలో నిలబడి రాసింది,
దేవమ్మ

*

వెలిమెల,
17 నవంబర్ 2024

చెల్లె దేవమ్మకు,

మొలిచింది! చెప్పుతో రుద్దుతుంటే కోడలు పరేషాన్ అయింది. "మామయ్యా, తినే ధనియాలు చెప్పుతోనా?" అని. మీ దేవమ్మ అత్త చెప్పింది అన్నాను, నోరు మూసుకుంది. తొమ్మిదో రోజుకు తలలెత్తాయి. ఇప్పుడైతే నాలుగు కుండీలూ నిండుగా ఉన్నాయి, దువ్వెన పెట్టి దువ్వేటంత. నిన్న చట్నీ కూడా అయింది. పాలరాయి మీద కూర్చొని వ్యవసాయం చేయొచ్చని నువ్వు నమ్మలేదు, ఇప్పుడేమంటావు?

ఎదురు టవరు పదిన్నర దాకా సూర్యుణ్ణి ఆపుతుంది, ఆ తర్వాత మా టవరే ఆపుతుంది. పదమూడో అంతస్తువాళ్ళ బట్టల మీద నీళ్ళ చుక్కలు పడ్డాయని అసోసియేషన్ నుంచి ఒక కాగితం వచ్చింది. పెద్ద సంగతులు కావు, రాయాలి కాబట్టి రాశాను.

ప్రవీణ్ నా ఉత్తరం ఫొటో తీసుకున్నాడంటే గర్వమనిపించింది. దుబాయి పోయినవాళ్ళకు ఊరందరి ఉత్తరాలూ రాసిన చెయ్యి ఇది. ఇకనుంచి ఇంకా అందంగా రాస్తాను.

వాడికి దగ్గు తగ్గిందా?

పచ్చని బాల్కనీ నుంచి,
సత్తయ్య

*

కంది,
27 నవంబర్ 2024

అన్నకు,

ఒక మాట అడుగుతాను, నవ్వకుండా చదువు.

ఇక్కడ మా పొలం కూడా బిల్డరు అడుగుతున్నాడు. రెండు నెలలుగా తిరుగుతున్నాడు, నీకు రాయలేదు. ప్రవీణ్ నీ రెండు ఉత్తరాలూ నా ఒళ్ళో పెట్టి, "సూడమ్మా, మామ సంతోషంగ లేడా? కొత్తిమీర సుత పండిస్తుండు. నువ్వు గూడ పండించుకో" అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాటన్నాడు. "నేను ఆ ఫ్యాక్టరీల సచ్చేలోపు బయట పడాల్నంటే గిదొక్కటే తొవ్వ." వాడు ఏడ్వలేదు. ఏడిస్తే నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని.

నేను కాదనలేకపోతున్నాను, ఔననలేకపోతున్నాను. పొలానికి పోతే పొలం వద్దంటుంది, ఇంటికొస్తే కొడుకు దగ్గు రమ్మంటుంది. డిసెంబరు పన్నెండు, గురువారం రిజిస్ట్రేషన్ అని రోజు కూడా ఖాయం చేశారు.

నాకు ఉత్తరాలు అర్థమవుతాయి గానీ కొత్తిమీర ఇంకా బాగా అర్థమవుతుంది. నీ బాల్కనీలో పెరిగింది ఒక కట్ట పంపు. వేరుతో సహా పంపు. అది అక్కడ బతికిందంటే నేనూ బతుకుతాను.

నీ జవాబు కోసం పాల వ్యాను వంక చూస్తూ,
దేవమ్మ

*

వెలిమెల,
4 డిసెంబర్ 2024

చెల్లెకు,

కట్ట పంపుతున్నాను. వాడకుండా తడిగుడ్డలో చుట్టాను.

సంతకం సంగతిలో నేను పెట్టు అనను, వద్దు అనను. నీ పొలం, నీ కొడుకు. చిన్నప్పటినుంచి ప్రతి పందెం నీదే. ఈ మన్ను, మ్యాడ పందెం ఒక్కటన్నా నాది కానివ్వు.

ఇవాళ ఇంతకంటే రాయడానికి తోచడం లేదు.

సత్తయ్య

*

కంది,
16 డిసెంబర్ 2024

అన్నకు,

గురువారం పోయి వచ్చాను. సంగతి విను.

ప్రవీణ్ మోటారుసైకిల్ స్టార్ట్ చేసి పిలిచాడు, ఎక్కాను. ఆఫీసులో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి వేలు పెట్టమన్నారు. "నాకు సంతకం వస్తది" అన్నాను. వేలిముద్ర వేయొద్దనే కదా అరవై ఏండ్లకు బడికి పోయి నేర్చుకున్నది. "సంతకం గూడ కావాలె, ఏలు గూడ కావాలె పెద్దమ్మా" అన్నారు. పెట్టాను. ఎర్రలైటు. పది వేళ్ళూ పెట్టించారు, పది సార్లూ ఎర్రదే. కన్ను చూపిద్దామంటే కంట్లో పొర. నీ తలుపు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. వాళ్ళకు రాలేదు.

మూడు వారాలు చేతులతో ఏ పనీ చేయకుండా నూనె రాస్తే గీతలు తిరిగొస్తాయని చెప్పి పంపారు. జనవరి రెండున మళ్ళీ రమ్మన్నారు. అప్పటినుంచి నేను మంచం మీద ఉన్నాను. ప్రవీణ్ పొలానికి పోనివ్వడు, అంట్లు కూడా తోమనివ్వడు. కట్టలు కట్టడానికి కూలివాళ్ళను పెట్టాడు. డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి నా అరచేతులు ఒళ్ళో పెట్టుకొని కొబ్బరినూనె రాస్తాడు. వాడి వేళ్ళ తోలు ఫ్యాక్టరీ నీళ్ళకు ఊడిపోయి ఉంది, గరగర తగులుతుంది. చిన్నప్పుడు నేను వాడికి రాసినట్టే రాస్తున్నాడు. అంత ప్రేమగా పట్టుకుంటే చేతులు వెనక్కి తీసుకోవడం నావల్ల కాదు అన్నా. కట్టేసినా ఇంకా నయం.

ఇప్పుడు నీ కట్ట సంగతి. మంచి కొత్తిమీర. లేత ఆకు, మంచి వాసన. గోనె దారం, ఎడమవైపు తిప్పి వేసిన ముడి. అది నా కట్ట అన్నా. నీ మూట వచ్చే ముందు రోజు నేను షెడ్డులో ఇచ్చి వచ్చిన కట్ట. నువ్వు ఎక్కడినుంచో కొని, విప్పి కూడా చూడకుండా నాకే పంపావు. పటాన్‌చెరు అంగట్లో ముప్పై ఏండ్లు నా పక్కన కూర్చున్నావు. నా ముడి నీకు గుర్తు రాలేదా? అబద్ధమాడినందుకు కాదు, ముడి చూసి కూడా గుర్తుపట్టనందుకు ఏడ్చాను.

అది తెలిసి కూడా ఆఫీసుకు ఎందుకు పోయావని అడుగుతావు. నువ్వు అబద్ధమాడావని తెలిసింది గానీ, ఎంత అబద్ధమో తెలియలేదు. కొత్తిమీర ఒక్కటే అబద్ధమైతే నేను సర్దుకుంటాను. అంతా అబద్ధమైతే చెప్పు. నా వేలికి గీతలొచ్చేలోపు చెప్పు.

నీ చెల్లె

*

వెలిమెల,
22 డిసెంబర్ 2024

దేవమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అంతా అబద్ధం.

కొత్తిమీర మొలిచిన మాట నిజం. రెండాకులు వేసి, ఎండ దొరక్క దారంలాగా సాగి, పడిపోయింది. చట్నీ అయ్యింది ఫోన్‌లో తెప్పించిన కట్టతో. నీకు పంపిందీ అట్లా తెప్పించిందే. పది నిమిషాల్లో ప్లాస్టిక్ కవర్లో వచ్చింది. నువ్వు అడిగింది పంపాలన్న తొందరలో కవర్లోంచి తీసి గుడ్డలో చుట్టేశాను. ముడి చూడలేదు. నీ ముడి నా చేతిలోకి వచ్చి పోయిందని తెలిశాక రోజంతా అన్నం తినలేదు.

చుక్కల గొడవ రెండోసారి రాగానే కుండీలు కిందికి పంపేశారు. నవంబరు ఇరవై నుంచి నేను మట్టి ముట్టుకోలేదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా సోఫా, బాల్కనీ, మళ్ళీ సోఫా. కోడలు మంచిది, కొడుకు మంచివాడు, అన్నం టిఫిన్‌లో పెట్టి పోతారు. ఎవరి మీదా చెప్పుకోవడానికి తప్పు దొరకదు, అదే నా పాణం తీస్తున్నది.

సెప్టెంబరులో ఒకరోజు గాలి కోసం వరండాలోకి వచ్చాను, వెనక తలుపు పడింది. వేలు పెట్టాను, ఎర్రలైటు. ఫోన్ లోపలే ఉండిపోయింది. లిఫ్టు దిగి వాచ్‌మన్‌కు చెప్పడానికి సిగ్గయింది. సైరన్ రోజు వాడు నన్ను చూసిన చూపు మరిచిపోలేదు. సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాను. ఆపుకోలేక ధోతి తడుపుకున్నాను చెల్లె, మన పొలం మీదనే, పక్కవాళ్ళ గుమ్మం ముందర. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు వచ్చేసరికి ఆరిపోయింది.

ఇవన్నీ నీకెందుకు రాయలేదంటే, నువ్వు అన్నదే నిజమైందని ఒప్పుకోవాలి. నా బడాయి నీ మెడకు ఉరవుతుందని అనుకోలేదు. అందంగా రాస్తున్నానని మురిసిపోయాను. ఆ ఉత్తరాలు ప్రవీణ్‌కు చూపించినట్టే ఇది కూడా చూపించు.

ఇంకో సంగతి. నిన్న నవీన్ వాళ్ళతో బయటికి పోయి వచ్చాక, గుమ్మం ముందు తల తిరిగి, గోడకని చెయ్యి పెడితే తలుపు మిషను మీద పడింది. పచ్చలైటు వెలిగింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పచ్చదే. నిషిత చప్పట్లు కొట్టింది. నవీన్, "ఇగ నీకేం ఫికర్ లేదు నాయినా" అన్నాడు. నేను బాత్‌రూంలోకి పోయి తలుపేసుకొని ఏడ్చాను. నెల రోజులు మట్టి తగలకపోయేసరికి యాభై ఏండ్ల అరుగుడు పోయింది. ఆ మిషను నన్ను ఇప్పుడు గుర్తుపడుతున్నదంటే, నేను నేను కాదన్నమాట.

నీ చేతులకూ అదే చేస్తున్నారు. ప్రవీణ్ బతకాలి, ఆ ఫ్యాక్టరీలోంచి బయటపడాలి, ఔను. దానికి ఏం దారో నాకు తెలియదు. ఇది మాత్రం కాదు.

సత్తయ్య

*

కంది,
4 జనవరి 2025

అన్నకు,

గీతలొచ్చాయి. మిషను ఈసారి నా వేలు పట్టింది.

ఇరవై రోజులు నేను ఒక్కటే మొక్కుకున్నాను, ఎర్రలైటే వెలగాలని. ప్రవీణ్ ముఖం చూసి కాదనే ధైర్యం నాకు లేదు. నా బదులు మిషను కాదంటే నా తప్పు ఉండదు కదా అనుకున్నాను. మొన్న ఆఫీసులో వేలు పెట్టగానే పచ్చలైటు వెలిగింది. అందరూ సంతోషపడ్డారు. కాగితం నా ముందుకు జరిపి, "ఇగ సంతకం చెయ్ పెద్దమ్మా" అని పెన్ను ఇచ్చారు.

నీ ఉత్తరం నా రవికలో ఉంది. నువ్వు వరండాలో నిలబడ్డ సంగతి గుర్తొచ్చింది. పెన్ను బల్ల మీద పెట్టాను. "సంతకం పెట్ట బిడ్డా" అన్నాను. ప్రవీణ్‌కు అర్థం కాలేదు. "ఏమైందమ్మా?" అన్నాడు. "ఏలు ఒప్పుకున్నది, నేను ఒప్పుకుంటలేను. మామ ఉత్తరం సదువు" అని అక్కడే తీసి ఇచ్చాను. నిలబడే చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను మోటారుసైకిల్ మీద ఇంటి దగ్గర దింపి, డ్యూటీకి పోయాడు.

అప్పటినుంచి మాట లేదు. నూనె సీసా మూత కూడా తీయలేదు. వాడు తలుపు మూసినప్పుడు ఆ అదురు నాకు నేలలోంచి తెలుస్తుంది. నా పొలం నాకు మిగిలింది, వాడి దగ్గు వాడికి మిగిలింది. నేను గెలిచానని నువ్వు అనుకోకు.

నిన్న పొలానికి పోయి రెండు మడులు వేశాను. చేతులు మెత్తబడ్డాయి, ధనియాలు రుద్దుతుంటే బొబ్బలొచ్చాయి. ఒక్కదాన్ని చేయలేకపోతున్నాను. నీ తలుపు నీ వేలు పడుతున్నది కాబట్టి ఇప్పుడు నువ్వు బయటికి రావచ్చు కదా. రా. మా తలుపుకు గొళ్ళెం ఒక్కటే ఉంది.

బొబ్బల చేతులతో,
దేవమ్మ

*

వెలిమెల, పద్నాలుగో అంతస్తు, మెట్ల మీద నుంచి
29 జనవరి 2025

చెల్లెకు,

పొద్దున నీ దగ్గర చాయ్ తాగి వచ్చాను, అప్పుడే ఉత్తరమేంది అనుకుంటావు. విను.

పద్దెనిమిది రోజులు నీ ఇంట్లో ఉండి, ఇక చాలు, నవీన్ బాధపడతాడు అని చిన్నరాములు రెండో ట్రిప్పు వ్యాను ఎక్కాను కదా. వచ్చేసరికి పదైంది, వాళ్ళిద్దరూ ఆఫీసుకు పోయారు. "నీ ఏలు పడ్తది గద నాయినా, తీసుకొని లోపటికి పో" అని నవీన్ ముందే ఫోన్‌లో చెప్పాడు. సంచి కింద పెట్టి వేలు పెట్టాను.

ఎర్రలైటు.

తుడుచుకొని మళ్ళీ పెట్టాను. ఎడమది పెట్టాను. ఎర్రదే. వేలు ముఖం దగ్గరికి తెచ్చుకొని చూశాను. గోరు కింద నీ మడి మట్టి ఉంది. రుద్దిన ధనియాల వాసన ఇంకా పోలేదు. గీతలు లేవు.

అదే వరండా, అదే గుమ్మం. సెప్టెంబరులో ఇక్కడే చచ్చిపోవాలనిపించింది. ఇవాళ గోడకు ఆనుకొని నవ్వాను. పక్కింటావిడ తలుపు తీసి చూసి, "ఏమైంది అంకుల్?" అంది. "ఏం లేదమ్మా, మిషను నన్ను ఆనవాలు పట్టలే" అన్నాను. మంచినీళ్ళిచ్చింది. ఈ కాగితం, పెన్ను కూడా ఆమె దగ్గరే తీసుకున్నాను.

నవీన్‌కు ఫోన్ చేశాను. "ఆడనే కూసో నాయినా, సాయంత్రం వచ్చి తీస్త" అన్నాడు. "కూసోను బిడ్డా" అన్నాను. మళ్ళీ చెల్లె దగ్గరికే పోతానని చెప్పాను. తర్వాత, "జాగ్రత్తగ పో" అన్నాడు. ఆదివారం వచ్చి నన్ను చూసిపొమ్మని చెప్పాను. వస్తాడో రాడో.

నిన్న సాయంత్రం ప్రవీణ్ షిఫ్టు నుంచి వచ్చి మడి గట్టు మీద కూర్చున్నాడు, చూశావా? నువ్వు అటు తిరిగి ఉన్నావు. నేను కట్టి పెట్టిన కట్ట ఒకటి తీసి, విప్పి, మళ్ళీ కట్టడానికి చూశాడు. ముడి పడలేదు. పక్కన పడేసి లేచిపోయాడు. ఇంకేం జరగలేదు, నేను కల్పించి రాయడం మానేశాను.

చిన్నరాములు ఖాళీ డబ్బాలు ఎక్కించుకొని పన్నెండింటికి తిరిగి బయలుదేరతాడు. వ్యాను ఇంకా గేటు దగ్గరే ఉంది, పైనుంచి కనపడుతున్నది. ఈ ఉత్తరం వాడి చేతికివ్వడం లేదు. నేనే తెచ్చి నీ చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుంటాను. నీకు ఎట్లాగూ వినపడదు, చదువుకో.

నీ అన్న,
సత్తయ్య